ఆ మోత వెనుక ఏముంది?

హెవీ మెటల్ సంగీతం మీద విశ్వవిద్యాలయాల్లో పరిశోధనలు జరుగుతున్నాయని చెబితే మన సంఘాల్లో సగంమంది నవ్వుతారు, మిగతా సగంమంది నొసలు చిట్లిస్తారు. చెవులు చిల్లులు పడే గిటార్ల మోత, గొంతు చించుకునే అరుపులు, పుర్రె బొమ్మల నల్ల చొక్కాలు... వీటిమీద డాక్టరేట్లా అని. కానీ అది నిజం. 2008 నవంబరులో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ నగరంలో ఈ సంగీతం మీద పండితుల అంతర్జాతీయ సదస్సు జరిగింది. తరువాత పరిశోధకులంతా ఒక సంఘంగా ఏర్పడ్డారు. 2010ల మధ్య నుంచి వారికి ప్రత్యేకంగా ఒక పరిశోధన పత్రిక కూడా ఉంది. సమాజశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, సంగీతశాస్త్రం, మతాల అధ్యయనం, ఇన్ని శాఖలవారు దానిలో రాస్తున్నారు.

దీనితో కామారెడ్డి, ఎల్లారెడ్డి సంఘాలకు ఏం పని అని అడగవచ్చు. పని ఉందనే ఈ వారం ఈ విషయం ఎత్తుకున్నాం.

మన ప్రాంతంలో హెవీ మెటల్ కచేరీలు జరగవు. పెళ్ళి ఊరేగింపుల్లో డీజే మోతే మనకు తెలిసిన పెద్ద మోత. అయితే ఇప్పుడు సంగీతం ఊళ్ళోకి రావడానికి వేదిక అక్కర్లేదు, ఇయర్‌ఫోన్ చాలు. ఇంటర్ చదివే పిల్లవాడు, హైదరాబాదు హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతూ సెలవులకు వచ్చిన కుర్రాడు చెవుల్లో ఏం వింటున్నాడో ఇంట్లో ఎవరికీ తెలియదు. తండ్రి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. తల్లి చేట ఒళ్ళో పెట్టుకొని తునికాకులో తంబాకు పోసి బీడీలు చుడుతూ ఉంటుంది. ఒకరోజు కొడుకు ఫోన్ తెరమీద తలక్రిందులుగా ఉన్న సిలువ బొమ్మ ఆమె కంట పడుతుంది. బెదిరిపోతుంది. పాస్టరుగారి దగ్గరికి పరుగెత్తుతుంది. వచ్చే ఆదివారం ప్రసంగంలో సాతాను సంగీతం గురించి పది నిమిషాలు ఉంటుంది. పేరు చెప్పరు గాని గుడిలో తలలన్నీ వెనుక వరుస వైపు తిరుగుతాయి. ఆ పై ఆదివారం కుర్రాడు గుడికి రాడు.

ఈ వరుసలో తల్లి భయం నిజమైనదే. కాపరి ఆందోళన కూడా నిజమైనదే. ఒక్క పని మాత్రం ఎవరూ చేయలేదు. నువ్వు వింటున్నది ఏమిటి, దానిలో నీకు ఏం దొరుకుతోంది అని ఆ పిల్లవాణ్ణి అడగలేదు. పరిశోధకులు చేసిందల్లా ఆ పనే.

ముందు ఈ సంగీతం ఎక్కడ పుట్టిందో చూద్దాం. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ ఇనుప కార్ఖానాల పట్టణం. అక్కడ టోనీ అయోమీ అనే పదిహేడేళ్ళ కుర్రాడు రేకుల కార్ఖానాలో పనిచేసేవాడు. పని మానేసే చివరిరోజున యంత్రంలో చెయ్యి పడి కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. అతను గిటారు తీగలు నొక్కేది ఆ చేతితోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు. నొప్పి పుట్టకుండా సన్నని తీగలు వేసుకున్నాడు, తరువాత శ్రుతి కూడా దించి వాటిని వదులు చేశాడు. ఆ బరువైన, కిందిస్థాయి మోతకు ఆ గాయం కూడా ఒక కారణం. అతని బృందం బ్లాక్ సబ్బత్ మొదటి ఆల్బమ్ 1970 ఫిబ్రవరి 13న వచ్చింది. పేరు వింటేనే మనకు ఒళ్ళు జలదరిస్తుంది గాని, పాటలు రాసిన గీజర్ బట్లర్ కాథలిక్ ఇంట్లో పెరిగినవాడు. అదే ఏడాది వాళ్ళు యుద్ధాలు నడిపే పెద్దలను నిలదీస్తూ పాట కట్టారు. 1971లో దేవుణ్ణి ఎగతాళి చేసేవారిని ప్రశ్నిస్తూ ఇంకో పాట కట్టారు. ఆ బృందం గాయకుడు ఆజీ ఆస్బర్న్ 2025 జూలై 5న సొంత ఊళ్ళోనే చివరి కచేరీ చేసి, అదే నెల 22న కన్నుమూశాడు. అతని జీవితాన్ని ఎవరికీ ఆదర్శంగా చూపించం. మత్తు అతణ్ణి ఏళ్ళ తరబడి పట్టి పీడించింది. ఆ సంగీతం మాత్రం నరకం నుంచి ఊడిపడలేదు, పొగగొట్టాల కింద బతికిన కూలీల పిల్లల దగ్గర పుట్టింది.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. ఆ మొదటి ఆల్బమ్‌లోని మొదటి పాట ఒక స్వరాల జంట మీద నడుస్తుంది. పాశ్చాత్య సంగీతంలో దానికి ‘సంగీతంలో సాతాను’ అని పేరు. మధ్యయుగాల్లో సంఘం దాన్ని నిషేధించిందనీ, వాయించినవారిని శిక్షించిందనీ ఒక కథ ప్రచారంలో ఉంది. మన ప్రసంగాల్లో కూడా అది వినిపిస్తుంది. అలాంటి నిషేధానికి చరిత్రలో ఆధారం లేదు. 18వ శతాబ్దం మొదట్లో సంగీత పాఠాలు రాసినవారి పుస్తకాల్లో ఆ మాట కనిపిస్తుంది, అదీ పాడడం కష్టమైన దూరమని విద్యార్థులను హెచ్చరించడానికి. అసలు ఆ దూరం ఏమిటి? మన లెక్కలో షడ్జమం నుంచి ప్రతి మధ్యమానికి ఉన్న దూరమే! కల్యాణి రాగానికి తీపినిచ్చే స్వరం అది. పెళ్ళిపందిట్లో నాదస్వరం మీద కల్యాణి వింటూ ఎవరూ సాతానును తలుచుకోరు. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే కీర్తన మీద రాగం, తాళం పేర్లు కనిపిస్తాయి. ఒకప్పుడు గుడి బయట మోగిన రాగాలే అవి. స్వరానికి దయ్యం పట్టదు.

పరిశోధన సంగతికి వద్దాం. 1991లో డీనా వైన్‌స్టీన్ అనే సమాజశాస్త్ర ఆచార్యురాలు హెవీ మెటల్ మీద పూర్తి స్థాయి గ్రంథం రాశారు. ఆమె పనిచేసింది షికాగోలోని డిపాల్ విశ్వవిద్యాలయంలో, అది కాథలిక్కులు స్థాపించినది. ఆ కచేరీలకు వెళ్ళి, బృందాలనూ అభిమానులనూ దగ్గరగా చూసి, ఇది కార్మిక కుటుంబాల కుర్రాళ్ళు తమకంటూ కట్టుకున్న లోకమని ఆమె చూపించారు. 1993లో రాబర్ట్ వాల్సర్ అనే సంగీత పండితుడి పుస్తకం వచ్చింది. ఈ గిటారు వాద్యగాళ్ళు చాలామంది బాఖ్‌, వివాల్డీల రచనలను సాధన చేసి ఆ పద్ధతులు తీసుకున్నారని ఆయన స్వరాలు రాసి మరీ చూపించారు. బాఖ్ ఎవరు? 1723 నుంచి 1750లో చనిపోయే వరకు లైప్‌జిగ్‌ నగరంలో లూథరన్ ఆలయాల ఆరాధనకు సంగీతం సమకూర్చిన సేవకుడు. ఆయన రచనల నీడ ఇక్కడిదాకా పడిందంటే ఆశ్చర్యమే.

మన సంఘాలు ఎక్కువగా తెలుసుకోవలసింది జెఫ్రీ ఆర్నెట్ పని. ఆయన మనస్తత్వ శాస్త్రవేత్త. మెటల్ అభిమానులైన అమెరికా కుర్రాళ్ళతో కూర్చొని మాట్లాడి 1996లో పుస్తకం వేశారు. కోపం వచ్చినప్పుడు, దిగులు పడినప్పుడు ఆ పాటలు వింటామని, విన్నాక మనసు నెమ్మదిస్తుందని వాళ్ళలో చాలామంది చెప్పారు. ఆ పిల్లలకు ఇల్లు, బడి, ఇరుగుపొరుగు, గుడి దూరమయ్యాయని, ఆ ఖాళీలోకి ఈ సంగీతం వచ్చిందని ఆయన తేల్చారు. అంటే సంగీతం వాళ్ళను ఒంటరివాళ్ళను చేయలేదు. ఒంటరివాళ్ళు ఆ సంగీతాన్ని వెతుక్కున్నారు. కారణం ఏది, ఫలితం ఏది అన్న ఈ తేడా పట్టించుకోకపోతే మనం వేసే మందు రోగం మీద పడదు. గల్ఫు తండ్రుల ఇళ్ళున్న మన మండలాల్లో ఆర్నెట్ రాసినది పరాయి దేశపు ముచ్చటగా కనిపించదు.

ఇదే తేడా ఒకసారి న్యాయస్థానం ముందుకు వచ్చింది. 1985 డిసెంబరులో అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో ఇద్దరు యువకులు ఒక చర్చి ఆటస్థలంలో ప్రాణం తీసుకోబోయారు. ఒకరు అక్కడే చనిపోయారు, రెండోవారు మూడేళ్ళకు చనిపోయారు. జూడాస్ ప్రీస్ట్ అనే బృందం పాటలో దాగి ఉన్న ఆజ్ఞ వల్లే ఇలా జరిగిందని కుటుంబాలు దావా వేశాయి. 1990లో విచారణ జరిగింది. ఇద్దరి బాల్యంలోనూ దెబ్బలు, తాగుడు, చదువు మధ్యలో ఆగిపోవడం, ఇవన్నీ సాక్ష్యాల్లో బయటపడ్డాయి. న్యాయమూర్తి దావా కొట్టివేశారు. కడుపుకోత పడ్డ తల్లిదండ్రులు ఒక కారణం వెతుక్కోవడం సహజమే, వాళ్ళను మేము తప్పుపట్టం. కానీ 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చిన తరువాతి రోజులు మన రాష్ట్రంలో ఎవరూ మరచిపోలేదు. ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అప్పుడు ఏ గిటారు మోతనూ ఎవరూ నిందించలేదు. మార్కులు, అవమానం, ఎవరితో చెప్పుకోవాలో తెలియని రాత్రి, వీటి గురించే మాట్లాడుకున్నాం.

ప్రయోగశాలల్లో జరిగిన పరిశోధనలూ ఉన్నాయి. 2015లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో ఇలాంటి సంగీతం ఇష్టపడే 39 మందికి ముందు కోపం తెప్పించే సంగతులు గుర్తుచేసి, తరువాత కొందరికి వాళ్ళ పాటలు వినిపించారు, కొందరిని మౌనంగా కూర్చోబెట్టారు. పాటలు విన్నవారి కోపం పెరగలేదు, వాళ్ళలో ఉత్సాహం కనిపించింది. 2019లో ఆ దేశంలోనే మక్వారీ విశ్వవిద్యాలయం పరిశోధకులు, హింస నిండిన పాటలు వినే అభిమానులు హింసను చూసి చలించని రాళ్ళయిపోయారా అని పరీక్షించారు. మామూలు శ్రోతల్లాగే వాళ్ళ దృష్టీ ముందు హింసాదృశ్యం వైపే మళ్ళుతోందని తేలింది, అంటే ప్రమాదాన్ని పసిగట్టే స్పందన మొద్దుబారలేదన్న మాట.

అయితే ఈ ఫలితాలను దేవవాక్కుగా పట్టుకోవలసిన పని లేదు. 39 మంది చాలా చిన్న గుంపు. వాళ్ళు ముందే ఆ సంగీతాన్ని ఇష్టపడేవారు. గదిలో పది నిమిషాల నెమ్మది వేరు, పదేళ్ళ బతుకు వేరు. పైగా ఈ రంగంలో పరిశోధకులు చాలామంది తామే అభిమానులు. మనం మన సంఘ చరిత్ర రాసుకున్నప్పుడు ఎంత ముద్దుగా రాసుకుంటామో వాళ్ళూ కొన్నిచోట్ల అంతే ముద్దుగా రాశారు. దీన్ని లోపలినుంచే ఎత్తిచూపిన వారిలో కీత్ కాన్-హారిస్ ఒకరు. ఆయన యూదు సమాజానికి చెందిన ఆంగ్ల సమాజశాస్త్రవేత్త. 2007లో వచ్చిన తన పుస్తకంలో, ఈ గుంపుల్లో జాతిద్వేషపు మాటలు తెలిసినా తెలియనట్టు ఊరుకునే అలవాటు ఉందని నిర్మొహమాటంగా రాశారు. అదే పుస్తకంలో మరో సంగతి కూడా ఉంది. ఎంత భయంకరమైన పాటలు కట్టేవారైనా వాళ్ళ దినచర్య చాలావరకు ఉత్తరాలు రాసుకోవడం, క్యాసెట్లు మార్చుకోవడం, కచేరీకి డబ్బులు కూడబెట్టుకోవడం వంటి మామూలు పనులే.

నార్వే సంగతి దాటవేస్తే నిజాయితీ అనిపించుకోదు. 1992 జూన్ 6న బెర్గెన్ నగరంలో 12వ శతాబ్దపు ఫాంటాఫ్ట్ చెక్క ఆలయం తగలబడిపోయింది. తరువాతి నాలుగైదేళ్ళలో ఆ దేశంలో ఇంకా ఎన్నో ఆలయాలకు నిప్పు పెట్టారు. వాటిలో కొన్నిటి వెనుక బ్లాక్ మెటల్ బృందాల యువకులున్నారు. వాళ్ళలో ఒకడు తోటి సంగీతకారుణ్ణి 1993లో చంపి, 1994లో ఆ హత్యకూ కొన్ని ఆలయాల దహనానికీ కలిపి 21 ఏళ్ళ శిక్ష పొందాడు. తరతరాలుగా ప్రార్థించిన చోటు బూడిదైతే ఎలా ఉంటుందో విశ్వాసులకు వేరే చెప్పాలా? క్రీస్తును ఎగతాళి చేసే పాటలున్నాయి, ద్వేషాన్ని నూరిపోసే పాటలున్నాయి. వాటిని పిల్లలు వినడం మంచిది కాదని చెప్పడానికి మేము వెనుకాడం. కానీ అలా చెప్పడానికి ఆ పాటలో మాట ఏమిటో తెలిసి ఉండాలి. మోత విని తీర్పు చెబితే దుర్మార్గపు పాటనూ దుఃఖపు పాటనూ ఒకే గాటన కట్టినట్టే. హైదరాబాదులో గాడ్‌లెస్ అనే మెటల్ బృందం ఉంది. 2021లో ఆల్బమ్ కూడా వేసింది. దేవుడు లేనివారు అని అర్థమిచ్చే ఆ పేరు వినగానే మన చెవులు మూసుకుపోతాయి. మన పిల్లల చెవులు ఆ పేరు దగ్గరే తెరుచుకుంటాయి. ఆ సంభాషణ మొదలుకావలసిన చోటు సరిగ్గా అదే.

ఒక మోతను అపవిత్రమని పక్కన పెట్టడం మన తెలుగు సంఘానికి కొత్త కాదు. డప్పు కథ గుర్తు చేసుకోవాలి. ఒంగోలు ప్రాంతంలో జాన్ క్లౌ దొరగారి కాలంలో మాదిగపల్లెలు క్రీస్తు వైపు తిరిగాయి. 1878 జూలై 3న ఒక్కరోజే 2222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్నారు. విగ్రహారాధన మానాలన్నది ఆనాటి నియమాల్లో ఒకటి. గ్రామదేవతల జాతరల్లో డప్పు కొట్టబోమని కొత్త విశ్వాసులు చెప్పారు, అందుకు ఊరి పెద్దల చేతుల్లో కష్టాలు పడ్డారు. వాళ్ళకది వెట్టి నుంచి విడుదల, దాన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు. అయితే ఆ విడుదలతోపాటు ఆ తోలువాద్యం కూడా చాలాచోట్ల గుడి గడప బయటే ఉండిపోయింది. హార్మోనియం లోపలికి వచ్చింది. నీచమైనది ఏది? చచ్చిన ఊరి పశువును మోయించి, ఆ తోలుతో కొట్టించుకున్న వ్యవస్థా, ఆ వాద్యమా?

1994 జూలై 7న మాదిగ రిజర్వేషన్ పోరాటం మొదలైనప్పుడు దండోరా అన్న పేరే దానికి జెండా అయింది. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికల మీద డప్పు ముందు వరుసలో నిలిచింది. తమిళనాడులో మదురై వేదాంత కళాశాల అధ్యాపకుడు థియోఫిలస్ అప్పావూ ఇదే జాతి వాద్యమైన పరైకీ, పల్లె బాణీలకూ ఆరాధనలో గౌరవస్థానం ఇచ్చారు. జోయి షెరినియన్ అనే అమెరికా పరిశోధకురాలు ఆయన సంగీతాన్ని ఏళ్ళ తరబడి అధ్యయనం చేసి 2014లో పుస్తకం తెచ్చారు. పండితులు వచ్చి రాసేదాకా మన ఇంటి వాద్యం విలువ మనకు కనబడకపోవడం ఒక వింత.

హెవీ మెటల్ విషయంలో ఇలాంటి మలుపు పడమటి సంఘాల్లో వచ్చింది. 1980ల్లో స్ట్రైపర్ అనే అమెరికా బృందం ఇదే సంగీతంలో క్రీస్తును పాడి, వేదిక మీద నుంచి జనంలోకి కొత్త నిబంధన ప్రతులు విసిరేది. టీవీ ప్రసంగీకులు కొందరు వాళ్ళను దుమ్మెత్తిపోశారు. అన్యులకు మరీ భక్తులుగా, భక్తులకు మరీ అన్యులుగా కనిపించారు పాపం. ఫిన్లాండ్‌లో 2006 నుంచి లూథరన్ సంఘం మెటల్ ఆరాధనలు జరుపుతోంది. పాత కీర్తనలే, ప్రభు సంస్కారం అదే, వాద్యాలు మాత్రం ఇవి. ఆ దేశానికే చెందిన మార్కస్ మోబెర్గ్ క్రైస్తవ మెటల్ మీద 2015లో ఒక గ్రంథం ప్రచురించారు. కామారెడ్డిలోనూ అలాంటి ఆరాధన పెట్టండని మేము అనడం లేదు. మన వృద్ధుల చెవుల మీద మాకు జాలి ఉంది.

పౌలు ఏథెన్సు వెళ్ళినప్పుడు ఏం చేశాడో అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో చదువుతాం. ఆ పట్టణం విగ్రహాలతో నిండి ఉండడం చూసి అతని మనసు మండింది. అయినా అతను వీధులు తిరిగాడు, వాళ్ళ బలిపీఠాలను పరిశీలించాడు, వాటి మీది రాతలు చదివాడు, వాళ్ళ కవులు ఏమన్నారో తెలుసుకున్నాడు. ఆ తరువాతే అరేయొపగులో నోరు విప్పాడు. పరిశోధన అనే మాట మనకు పరాయిదిగా తోస్తుంది గాని, అపొస్తలుడు చేసింది అదే. ఇక 88వ కీర్తన తీయండి. చాలా కీర్తనల్లో చివరికి వెలుగు వస్తుంది. ఈ కీర్తన చీకట్లోనే ఆగిపోతుంది. దాన్ని గ్రంథంలోంచి ఎవరూ తీసివేయలేదు. మన గుళ్ళలో అది చదివేది ఎప్పుడు? సంతోషపు పాటలే పాడే చోట దిగులుపడిన పిల్లవాడికి కూర్చునే తావు దొరకదు. ఆమోసు ప్రవక్త ద్వారా దేవుడు వద్దన్న సంగీతం కూడా బయటి వాళ్ళది కాదు, న్యాయం మరచిన ఆరాధికులదే.

మెదక్ మహాదేవాలయం ప్రతిష్ఠ జరిగి 2024 క్రిస్మస్‌కు నూరేళ్ళు నిండాయి. కామారెడ్డి, ఎల్లారెడ్డి నుంచి ఆ గుడికి వెళ్ళి వచ్చే కుటుంబాలు ఎన్నో. ఆ బస్సుల్లో ఈ కుర్రాళ్ళు కూడా ఉంటారు, కిటికీ పక్కన, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో. యవ్వనస్థుల కూడికల్లో ఒక శనివారం సాయంత్రం వాళ్ళనే ఒక పాట వినిపించమనండి. మాటలకు అర్థం వాళ్ళచేతే తెలుగులో చెప్పించండి. సంఘ పెద్దలు ఇద్దరు ముగ్గురు ఓపికగా కూర్చోండి, ఆ సాయంత్రానికి ప్రసంగం వద్దు. చెడ్డ పాటైతే అర్థం చెబుతున్నప్పుడు వాళ్ళకే నోరు తడబడుతుంది. దుఃఖపు పాటైతే మీకు ఆ ఇంటి సంగతి ఏదో ఒకటి తెలుస్తుంది.

ఇంకో పని కూడా ఉంది. హైదరాబాదులోని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో చదివే మన ప్రాంతపు విద్యార్థులు పరిశోధనకు అంశం వెతుక్కుంటూ ఉంటారు. మంజీర ఒడ్డు పల్లెల్లో క్రిస్మస్ రాత్రి ఏ కీర్తన ఏ దరువు మీద నడిచేదో, చిరుతల భజనలో ఏ అడుగు పడేదో తెలిసిన పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి రాసుకోవాలి, రికార్డు చేయాలి. తోడుగా ఆ నల్ల చొక్కా కుర్రాళ్ళను తీసుకువెళ్ళండి. దరువు లెక్క వాళ్ళకు ఇట్టే పట్టుబడుతుంది, రికార్డు చేసే పరికరం ఎలాగూ వాళ్ళ జేబులోనే ఉంది.